లేని కంపెనీలో భూలక్ష్మి ఉద్యోగం

అమీర్‌పేటలో సిగ్గు తప్ప అన్నీ నేర్పుతారని భూలక్ష్మి ఊరికే అనలేదు. ఆమె మొగుడు రాజనర్సయ్య అక్కడే, మైత్రీవనం వెనక సందులో, ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. ఒకప్పుడు టైపు నేర్పినవాడే. రెండువేల సంవత్సరంలో కంప్యూటర్లు ఆగిపోతాయని లోకమంతా గోల పెట్టగానే కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్పుతామని బోర్డు తగిలించాడు. ఆ గండం గడిచాక జావా బోర్డు, దానికి గిరాకీ తగ్గితే టెస్టింగ్ బోర్డు. పొద్దున పక్క సందులో ఉచిత డెమో క్లాసుకు పోయి వెనక బెంచీలో కూర్చునేవాడు. అక్కడ విన్నదే సాయంత్రం తన క్లాసులో కక్కేవాడు. మహానుభావుడు!

"జమానా మారుతున్నది తమ్మీ! మనం సుత మారాలె. మారనోడు ఖతం!" అని బల్ల గుద్ది మరీ చెప్పేవాడు. పాపం, పిల్లలు రాసుకునేవాళ్లు. ఇంటికొస్తే మాత్రం తాగిన చాయ్ గ్లాసు కూడా తీసి పక్కన పెట్టడు. అన్నం చల్లారితే అలిగి పడుకుంటాడు. ఈయనగారు లోకానికి మారడం నేర్పుతాడట, థూ!

అసలు వ్యాపారం వేరే. కోర్సు అయిపోయిన పిల్లలకు ఎక్కడో రెండేళ్లు పనిచేసినట్టు అనుభవం సర్టిఫికెట్ రాసిచ్చేవాడు. ఆ కంపెనీ ఎక్కడుందయ్యా అంటే, పంజాగుట్టలో, భూలక్ష్మి వంటింట్లో. పొయ్యి పక్కన గోడకు ఒక ఫోను, అదే కంపెనీ. ఉద్యోగమిచ్చే వాళ్లు ఆరా తీయడానికి ఆ నంబరుకే చేసేవారు. భూలక్ష్మి గరిటె పక్కన పెట్టి, "యెస్ సార్, అవర్ ఎంప్లాయీ. వెరీ సిన్సియర్," అనేది. ఒకసారి మాట మధ్యలో కుక్కర్ కూత పెడితే, "ఏసీ రిపేర్ సార్," అని గట్టెక్కింది. మొదట్లో ఆ నాలుగు ముక్కలూ మొగుడే బట్టీ పట్టించాడు. పోను పోను ఆయన కంటే ఆమె ఇంగ్లీషే బాగుపడింది. అదొక కడుపుమంట ఆయనకు.

ముక్కూ మొహం తెలియని వాళ్లను సిన్సియర్ అని చెప్పి చెప్పి భూలక్ష్మికి రోత పుట్టింది. శ్రీనగర్ కాలనీలో ఒక పళ్ల డాక్టరమ్మకు రిసెప్షన్‌లో మనిషి కావాలని తెలిసి పోయి అడిగింది. నిజమైన కుర్చీ, తన పేరుతో ఒక పని. పెళ్లయ్యాక ఆమె నోరు తెరిచి కోరుకున్నది అదొక్కటే. ముందు ఎక్కడ చేశారని డాక్టరమ్మ అడిగితే ఏం చెప్పాలి? చేసింది ఒక్కచోటే. ఆ వంటింటి నంబరే ఇచ్చి వచ్చింది.

"గా డాక్టరమ్మ ఫోన్ జేస్తే జర ఎత్తి, మా దగ్గర చేసిందని చెప్పు. అబద్ధం సుత కాదు," అంది మొగుడితో.

"గంతేనా? ఫికర్ చెయ్యకు," అన్నాడు రాజనర్సయ్య.

ఆమె కూరగాయలకు ఎర్రగడ్డ రైతుబజారుకు పోయిన పూట ఆ ఫోను వచ్చింది.

మళ్లీ క్లినిక్‌కు పోతే డాక్టరమ్మ మొహం ముడుచుకుని ఉంది. "ఏంటమ్మా ఇది? ఆ ఆఫీసులో ఎవరో మగాయన ఎత్తారు. మీ పేరు గలవాళ్లు అక్కడ ఎప్పుడూ పనిచేయలేదన్నారు."

భూలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. దారిన పోయే ప్రతివాడికీ యెస్ చెప్పిన ఫోను, గొంతు అరిగేలా పనిచేసిన మనిషికే నో చెప్పింది!

"గాయన నా మొగుడు మేడమ్. గా ఆఫీసు మా వంటిల్లు," అని ఉన్నదంతా చెప్పేసింది.

"ఇన్నేళ్లు అబద్ధాలు చెప్పారు, సిగ్గనిపించలేదా?"

"అనిపించింది మేడమ్. గందుకే మీ దగ్గరికొచ్చిన."

డాక్టరమ్మ అపాయింట్‌మెంట్ల పుస్తకం ఆమె వైపు జరిపింది. "నెల రోజులు చూస్తాను. ఇక్కడ ఒక్క అబద్ధం విన్నా పంపించేస్తాను. సోమవారం రండి," అంది.

ఇంటికొచ్చేసరికి రాజనర్సయ్య కంచం ముందున్నాడు.

"ఎందుకట్ల చెప్పినవ్?"

"నువ్వు పోతే ఫోన్ ఎవలు ఎత్తాలె? నా బ్యాచ్ ఏం గావాలె?" అన్నాడు ముద్ద మింగుతూ. ఇంత కూడా తడబడలేదు. ఇటువంటి మనిషితోనా ఇన్నేళ్లు కాపురం చేశాను అనుకుంది ఆమె.

అంతలో ఫోను మోగింది. "ఎత్తు, ఎత్తు! మన పోరగాని నౌకరీ ఫోనే," అని ఆయన ఎంగిలి చేత్తోనే సైగ చేశాడు. భూలక్ష్మి కదల్లేదు.

"భూలక్ష్మి అనేటామె ఈడ ఎవ్వలు లేరని నువ్వే చెప్పినవ్ గదా," అంది. "నువ్వే ఎత్తుకో."