నీలం తేలిన ఉస్తరా

కత్తి నూరడం నాకు నేర్పింది బాపే. ఏ పనినీ సగం నేర్పి వదిలే మనిషి కాడాయన. ఆయన నేర్పిన తీరులో ఏ లోపమూ లేదని మొదటే చెప్పుకుంటున్నాను. ఎందుకంటే చాలా ఏళ్లు నేను ఆ సాకే వెతుక్కున్నాను.

బాపు పత్తర్‌గట్టిలో షేర్వానీలు కుట్టే ఒక దుకాణంలో కటింగ్ మాస్టర్. జహనుమాలోని మా రెండు గదుల ఇంటి నుంచి రోజూ ఎనిమిదింటికి బయలుదేరేవాడు. బయలుదేరే ముందు గడ్డం గీసుకోవలసిందే. పండగైనా జ్వరమైనా తప్పేది కాదు. "పెండ్లికి పోతున్నవా ఏంది, రోజు గింత తయారు?" అని అమ్మ దెప్పేది. "గిరాకీ ముఖంల ముఖం పెట్టి కొలతలు తీస్తనే! ముళ్లకంప అసుంటి గడ్డంతోని మీదికి పోతే నవాబులు ఊకుంటరా?" అనేవాడు బాపు. ఆ దుకాణానికి నవాబులెవరూ వచ్చేవారు కాదు. వచ్చేవాళ్లు పెళ్లికొడుకులు, వాళ్ల మేనమామలు. బాపు దృష్టిలో షేర్వానీ తొడిగిన ప్రతివాడూ నవాబే.

ఆయన వాడింది మంగలికత్తి. పాతబస్తీలో అందరిలాగే మేమూ దాన్ని ఉస్తరా అనేవాళ్లం. పిడిలోకి మడుచుకునే కత్తి. దుకాణానికి శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు దాన్ని రాయి మీద నూరేవాడు. మిగతా రోజుల్లో గీసుకునే ముందు కిటికీ చువ్వకు కట్టిన తోలుపట్టీ మీద ముప్పైసార్లు ఆడించేవాడు. పని అయ్యాక కత్తిని కడిగి, పాత ధోవతి ముక్కతో తుడిచి, అర చుక్క కొబ్బరినూనె రాసి, ఆరాక గానీ మూసేవాడు కాదు. వానాకాలంలో అయితే దాన్ని బియ్యం డబ్బాలో దాచేవాడు. "అన్నంల కత్తి వస్తది ఒకనాడు" అని అమ్మ గొణిగేది.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, డెబ్బైల నడుమ, బాపుకు లకువా కొట్టింది. పక్షవాతాన్ని మా దగ్గర అట్లాగే అంటారు. కుడి చెయ్యి పడిపోయింది. మూతి కుడివైపు జారింది, ఆ చెంపకు స్పర్శ లేదు. మాట మాత్రం కాస్త ముద్దగా తిరిగి వచ్చింది. అప్పటికే షుగర్ ఉండేది కనుక చిన్న గాటు పడినా మానడం కష్టమని డాక్టరు హెచ్చరించాడు. బ్లేడు రేజరుతో గీస్తే ఆయన బిరుసు గడ్డానికి పొక్కులు లేచేవి. వీధి చివర సెలూన్ ఉంది గానీ, అక్కడికి రమ్మంటే, "నా వంకర మూతికి నురగ పెట్టి పది మందికి చూపియ్యాల్నా?" అన్నాడు. ఇక మిగిలింది ఉస్తరా, నేను.

మంచం మీద కూర్చునే నాకు నేర్పించాడు. "రాయి మీద అంచు ముంగట పోవాలె, తోలు మీద ఈపు ముంగట పోవాలె. తిప్పేటప్పుడు ఈపు మీదనే తిప్పు. అంచు మీద తిప్పినవంటే చేసిన పనంత బుగ్గిపాలు." రాయి తడిగా ఉండాలి. కత్తి వెన్నూ అంచూ రెండూ ఒకేసారి రాయిని తాకాలి. చేతి బరువు వేయకూడదు. "అది నీ బలం అడుగుతలేదు, ఓపిక అడుగుతుంది" అనేవాడు. మొదటి నెల నేను బుద్ధిగానే చేశాను. ఆ నెలలో ఆయన చెంప మీద ఒక్క గాటు పడలేదు. అరచేత్తో గడ్డం తడుముకుని, "సెలూన్ పెట్టుకో, ఫ్యాక్టరీ ఎందుకు నీకు?" అని నవ్వేవాడు.

అప్పుడే దుకాణం సేఠ్ చూడటానికి వచ్చాడు. రంజాన్ నెలకు రెండు వారాల ముందు వచ్చే షబే బరాత్ పండగ దాటగానే రంజాన్ బట్టల కోసం గిరాకీ ముంచుకొస్తుంది. ఆ సీజనుకు బాపు వచ్చి కొలతలు తీసి చెబితే చాలని, కోసేవాళ్లు కోస్తారని, కుర్చీ వేయిస్తానని అన్నాడు. ఇంకా రెండు నెలల సమయం ఉంది. సేఠ్ గుమ్మం దాటాడో లేదో బాపు టేపు అడిగాడు. ఆ రోజు నుంచి ఎడమ చేత్తో కొలవడం సాధన చేశాడు. మంచాన్ని కొలిచాడు, తలుపును కొలిచాడు, పొయ్యి ముందు కూర్చున్న అమ్మ భుజాలు కొలిచాడు. "నాకు గూడ షేర్వానీ కుట్టిస్తవా?" అంది అమ్మ. నన్ను నిలబెట్టి టేపు ఒక కొస పళ్లతో పట్టుకుని ఛాతీ చుట్టూ తిప్పేవాడు. "ఊపిరి బిగబట్టకురా, పైల్వాన్. ముప్పై రెండే ఉన్నది నీది." ఆ రెండు నెలలు ఆయన అంత హుషారుగా ఉండటం నేను చూశాను. చూసి కూడా ఆ పని చేశాను.

నాకు విసుగు పుట్టింది. అంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదు. ఫ్యాక్టరీలో నాది మొదటి షిఫ్టు, తెల్లవారకముందే బస్సు పట్టుకోవాలి. బాపు గడ్డం గీసేది షిఫ్టు దిగి వచ్చాకే. నూరడానికి దొరికేది ఆదివారం ఒక్కటే. ఆ ఆదివారం అరగంట రాయి ముందు కూర్చోవాలంటే నా దోస్తులు చార్మినార్ దగ్గర చాయ్ తాగుతున్న దృశ్యం కళ్ల ముందు ఆడేది. ఒక ఆదివారం, "పొద్దుగాలనే నూరిన బాపూ, నువ్వు పండుకున్నవు" అన్నాను. నమ్మాడు. నమ్మాడనుకున్నాను. తర్వాత తోలుపట్టీ విషయంలోనూ అదే చేశాను. బాపు గోడవైపు తిరిగి పడుకుని, తోలు మీద కత్తి చప్పుడు వింటూ లెక్కపెట్టేవాడు. "ఇరువై ఎనిమిదే అయినయి. ఇంకో రెండు" అనేవాడు. తెరిచిన కత్తిని ఆడించాలంటే మెల్లగా, చూపు దాని మీదే ఉంచి ఆడించాలి. కత్తిని మూసేసి దాని వెన్నును తోలు మీద ఆడిస్తే తెగుతుందన్న భయం లేదు, కిటికీలోంచి వీధిని చూస్తూ మూడింతల వేగంగా ముప్పై పూర్తి చేయవచ్చు. చప్పుడు అదేలే అనుకున్నాను. లేవలేని మనిషి చెవిని మోసం చేయడానికి నేను వెతికిన ఉపాయం అది.

నెల తిరిగేసరికి కత్తి మొండిదైంది. వెంట్రుకను కోయకుండా పీకేది. బాపు కంట నీళ్లు తిరిగేవి, పెదవి బిగబట్టేవాడు. "కొంచెం నూరు రా" అన్నాడు ఒకసారి. అంత మొద్దుబారిన కత్తిని రాయి మీద దారికి తేవాలంటే రెండు మూడు ఆదివారాలు పడుతుంది. షబే బరాత్ అప్పటికి వారం రోజుల్లో ఉంది.

శనివారం షిఫ్టు దిగి చార్మినార్ వెనక సందులో సైకిల్ చక్రంతో కత్తులకు సాన పట్టే ఆయన దగ్గరికి పోయాను. కత్తెరలు, కూరగాయల కత్తులు, మాంసం కత్తులు ఆయన ముందు కుప్పగా ఉన్నాయి. నా కత్తి తెరిచి చూసి తిరిగి నా చేతికే ఇవ్వబోయాడు. "భాయ్, ఏ ఉస్తరా హై, కైంచీ నై. చక్కర్ పే నక్కో, జల్ జాతా." కత్తెర కాదిది, చక్రం మీద పెడితే కాలిపోతుందని చెప్పాడు. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు? అవతల దోస్తులు ఎదురు చూస్తున్నారు. "కుఛ్ నై హోతా, కరో" అన్నాను, ఏం కాదు పట్టమని. ఆయన నా ముఖం చూసి, తొక్కడం మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు లేచాయి. అంచు వెంట పసుపు రంగు, తర్వాత ఊదా, చివరకు సన్నటి నీలం గీత తేలింది. ఆయన కాలు ఆపాడు. "మై బోల్యా థా" అన్నాడు, ముందే చెప్పాను కదా అని, అంతే. ఉక్కుకు కొలిమి ఇచ్చిన గట్టితనం ఆ వేడికి పోతుంది. ఆ తర్వాత దాని మీద పదును నిలవదు. ఆ సంగతి నాకు తెలియదని అనలేను. ఇనుముతో పని చేసే ఫ్యాక్టరీలోనే నా ఉద్యోగం.

మర్నాడు పొద్దున నురగ పెట్టి ఎడమ చెంప గీశాను. కత్తి సాఫీగా పోయింది. "ఇగో, గిట్లుండాలె" అన్నాడు బాపు. కుడి చెంపకు వచ్చేసరికి అంచు మడత పడింది. ఆగి ఉండాల్సింది. ఆగితే ఎందుకని అడుగుతాడు. చేతి బరువు వేసి నొక్కాను. దవడ కింద, స్పర్శ లేని చోట, కత్తి లోపలికి దిగింది. ఆయనకు తెలియలేదు. తువ్వాలు ఎర్రబడటం మాత్రం చూశాడు.

"ఏంది, తెగిందా?"

"గింతంత. ఏం కాదు బాపూ."

నాలుగో రోజుకు గాయం వాచింది, తర్వాత చీము పట్టింది. డాక్టరు దవడ చుట్టూ కట్టు కట్టాడు. షబే బరాత్ రోజు మా వీధిలో దీపాలు వెలుగుతుంటే బాపు ఆ కట్టుతో మంచం మీదే ఉన్నాడు. సేఠ్ మనిషిని పంపితే, "ఇంకో వారం" అని చెప్పించాడు. ఆ వారం తర్వాత మరో వారం అడిగించాడు. చీము వాసన వేసే ముఖంతో గిరాకీ దగ్గర నిలబడలేడు కదా. రంజాన్ నెల మొదలైంది. దుకాణంలో కొలతలకు వేరే మనిషి కుదిరాడని తెలిసింది. టేపును బాపే చుట్టి అమ్మకు ఇచ్చాడు.

ఆ సాయంత్రమే ఉస్తరా తెమ్మన్నాడు. ఎడమ చేత్తో తెరిచి వెలుగులో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది ఏమైంది?" అన్నాడు. అమ్మ అక్కడే కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను అమ్మ వైపు చూపించాను. "అమ్మ మసులుతున్న నీళ్లల్ల వేసింది బాపూ. నేను చూసుకోలే."

అమ్మ చేట మీంచి తల ఎత్తింది. ఆమె ఆ కత్తిని జీవితంలో ముట్టుకోలేదు. ఏదో అనబోయి, నా ముఖం చూసి, మళ్లీ చేటలోకి తల వంచుకుంది.

"నీళ్లకు నీలం తేలదు బిడ్డా" అన్నాడు బాపు. కత్తి మూసి, కోపమనేది లేకుండా అన్నాడు: "తోలు మీద చప్పుడు గూడ చానా దినాల సంది మారింది. పిలగాడు డ్యూటీ చేసి అలిసి వస్తుండు, పోనీ అనుకున్న."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నేను లేచి బయటికి పోయాను.

గాయం మానడానికి మూడు నెలలు పట్టింది, అక్కడ తాడులాంటి మచ్చ మిగిలింది. ఆ తర్వాత గడ్డం గీస్తానంటే, "ఇప్పుడు వద్దులే" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. గడ్డం పెరిగింది, తెల్లగా, కుడివైపు తక్కువగా. అన్నం తింటుంటే మెతుకులు అందులో చిక్కుకునేవి, అమ్మ ఏరేది. నేను ప్రతి ఆదివారం రాయి ముందు కూర్చున్నాను. ఇప్పుడు ఏ దోస్తూ గుర్తు రాలేదు. నీలం ఉన్నంత మేరా అరగదీస్తే కింద మంచి ఉక్కు ఉంటుందనుకున్నాను. గంటల తరబడి నూరితే పదును వచ్చేది, నా ముంజేతి వెంట్రుకల మీద రెండుసార్లు లాగగానే పోయేది. ఒక ఆదివారం బాపు, "బంద్ చెయ్యిరా, ఆ చప్పుడు వినబుద్ధి అయితలేదు" అన్నాడు. దాన్ని మూసి పైన అటక మీద పెట్టేశాను.

మరుసటి ఏడు షబే బరాత్‌కు నెల ముందు కొత్త ఉస్తరా కొన్నాను. అక్కడి నుంచి నేరుగా పత్తర్‌గట్టి పోయి సేఠ్ ముందు నిలబడ్డాను. బాపును మళ్లీ తీసుకోమని బతిమాలడానికి మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "ఉస్తాద్ కో భేజో మియా! మై కబ్ మనా కర్యా?" వద్దన్నదెవరు, పంపించమన్నాడు. బాపు కోసం తెప్పించిన కుర్చీ మీద బట్టల తాన్లు పెట్టి ఉన్నాయి. వాటిని దించి చూపించాడు కూడా.

ఇంటికి పరిగెత్తినట్టు వచ్చాను. కొత్త కత్తిని మంచం మీద పెట్టి, "బాపూ, సేఠ్ రమ్మంటుండు. నీ కుర్చీ గట్లనే ఉన్నది" అన్నాను.

బాపు లేచి కూర్చున్నాడు. ఏడాదిలో అంత చురుగ్గా లేవడం నేను చూడలేదు. ఎడమ చేత్తో గడ్డాన్ని పైనుంచి కిందికి తడుముకున్నాడు. కత్తి వైపు చూడలేదు, నా వైపు చూశాడు.

"గడ్డం ఎవరు గీస్తరు?" అన్నాడు.

అది దెప్పిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు. నేను గీస్తాను, ఈసారి సరిగా చేస్తాను, అప్పుడు చేసింది నేనే, అమ్మ కాదు అని చెప్పడానికి ఆయన నాకు జాగా ఇచ్చాడని ఇప్పుడు తెలుస్తోంది. ఎంతసేపు ఎదురుచూశాడో చెప్పలేను. ఆ తర్వాత ఆయన మూడేళ్లు బతికాడు, ఒక్కసారి కూడా పత్తర్‌గట్టి వెళ్లలేదు. ఆ రోజు నేను వంటింటి వైపు తిరిగి, అమ్మను చాయ్ పెట్టమన్నాను.