ఎదురెదురు ఫ్యాన్లు

ఇరవై రెండేళ్ల వయసులో నా లెక్కల మీద నాకు ఎంత ధీమా ఉండేదంటే, ఏదైనా పని చెడితే ముందు వస్తువునే అనుమానించేవాణ్ణి. అప్పుడు సూరత్‌లో, లింబాయత్ సందులో, బావ మరమగ్గాల పక్కనున్న రేకుల గదిలో కూర్చుని చీరల డిజైన్లు వేసేవాణ్ణి. బావ కొన్న పాత కంప్యూటర్‌కు నీళ్లతో చల్లబరిచే ఏర్పాటుండేది. లోపలి వేడిని నీళ్లు మోసుకొచ్చి రేడియేటర్‌కు అప్పగిస్తే, దానికి బిగించిన ఫ్యాను ఆ వేడిని బయటికి ఊదేది. ఎండలు ముదిరేసరికి ఆ ఒక్క ఫ్యాను చాలక, డిజైన్ సగంలో ఉండగానే కంప్యూటర్ ఆగిపోసాగింది.

"ఎల్లుండి సేఠ్‌కు డిజైన్ ఇయ్యాలె. గిది మళ్ల బంద్ పడ్డదనుకో, అమ్మి పారేస్త. నువ్వు మగ్గం మీదికే," అన్నాడు బావ. కంప్యూటర్ ముందున్న ఆ కుర్చీ కోసం నేను మూడేళ్లు ఎవరూ చెప్పకుండా డిజైన్ పని సొంతంగా నేర్చుకున్నాను. (మగ్గం మీద నేనెన్ని పోగులు తెంపానో అక్కడ అందరికీ తెలుసు.) మధ్యాహ్నమంతా లెక్క కట్టాను. ఒక ఫ్యాను గాలి నిమిషానికి అరవై ఘనపుటడుగులు. అవతలి వైపు ఇంకొకటి పెడితే నూట ఇరవై. రెండింటినీ రేడియేటర్‌కు చెరో పక్కన, దాని మీదికే ఊదేలా బిగించి, ఐదు నిమిషాలకోసారి వేడి రాసుకున్నాను. ఎనభై ఒకటి, ఎనభై ఆరు, తొంభై డిగ్రీలు. కొత్త ఫ్యాను నాసిరకమని తేల్చేశాను.

పక్క గదిలో నూలు కండెలు చుట్టే మా అక్క చాయ్ తెచ్చింది. గాలికి నూలు చిక్కుపడకుండా, అది ఎటు వీస్తుందో ముందుగా ఒక పోగు పట్టి చూసుకోవడం ఆమె అలవాటు. అలాగే ఇక్కడా ఒక పోగు తీసి, రేడియేటర్‌కు ఈ పక్క పట్టింది, ఆ పక్క పట్టింది.

"తమ్మీ, ఇటు దిక్కు లోపలికే గుంజుతుంది, అటు దిక్కూ లోపలికే గుంజుతుంది. మరి వేడి యాడికెళ్లి పోవాలెరా?"

మగ్గం ఆపి వచ్చిన బావ వంగి చూశాడు. "నీ తమ్ముడు ఇంజనీరే! రెండిటికీ కొట్లాట పెట్టిండు!"

ముగ్గురం చాయ్ చల్లారేదాకా నవ్వాం. ఒక ఫ్యాన్ని తిప్పి బిగించాను. ఒకటి నెడుతుంటే ఇంకొకటి లాగింది. వేడి డెబ్భై నాలుగు దగ్గర నిలిచింది. డిజైన్ వేళకు అందింది, కుర్చీ నాకు దక్కింది. (గాలి మాత్రం నూట ఇరవై కాలేదు. ఒకదాని వెనక ఒకటున్న ఫ్యాన్ల గాలిని కలిపి లెక్కకట్టకూడదని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.)

మగ్గాలమ్మి అక్కా బావా సిరిసిల్లకు వెళ్లిపోయి ఐదేళ్లు. ఇప్పుడు సూరత్‌లోనే, అడాజన్‌లో, నా ఆఫీసు చల్లగా, చప్పుడు లేకుండా ఉంటుంది. ఆరుగురు నన్ను సార్ అంటారు. మొన్న కావాలనే ఒక కూడిక తప్పు చెప్పాను. ఆరుగురూ తల వంచుకుని రాసుకున్నారు. ఎవరైనా తప్పు పడతారేమోనని ఎదురుచూసి, నాలో నేనే నవ్వుకుని, దిద్ది చెప్పాను.