మస్తాన్‌బీ గిల్లిన వేలు

దెయ్యాలున్నాయంటే నేను నమ్మను. మా పేటలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు కడుపునిండా అన్నం పెట్టి చూడండి అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. కాబట్టి ఇది భయంతో చెబుతున్నానని అనుకోకండి.

సెల్‌ఫోన్లు మా దాకా ఇంకా రాని రోజులు. చిలకలూరిపేట అవతల ఒక కోళ్లఫారంలో పని చేసేదాన్ని. టీకాలు వేసే రోజు నేను కోడిని పట్టుకుంటే మస్తాన్‌బీ సూది వేసేది. మా వీధి చివరే ఆమె ఇల్లు. నాకన్నా చిన్నది, అక్కా అని పిలిచేది.

ఒకసారి కోడి విదిలించుకుంది. సూది నా ఎడమచేతి చూపుడువేల్లో దిగి, మందు లోపలికి పోయింది. ఒక్క చుక్క నెత్తురు, అంతే. కోళ్ల మందు మనుషుల్నేం చేస్తుందని అందరం నవ్వుకున్నాం. నాకిక కోళ్లకొచ్చే కొక్కెర తెగులు రాదని ఆటపట్టించారు. పసుపు అద్దుకుని ఇంకో కోడిని పట్టుకున్నాను.

అది నూనె కలిపిన మందట. వేల్లోకి పోతే రక్తం ఆడనివ్వదట. తెల్లారేసరికి వేలు ఉబ్బి నల్లబడింది. గుంటూరు ఆసుపత్రిలో కోసి కడిగారు. వెంటనే వచ్చుంటే బాగుండేదన్నారు. ప్రాణానికేం కాలేదు గానీ, వేలు కర్రలా బిగుసుకుపోయింది, స్పర్శ పోయింది. మిరపకాయల తొడిమలు తీస్తే చేతులు రెండూ మండేవి, ఆ వేలు తప్ప.

రోజూ గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కణుపు కణుపూ వంచమన్నారు. ఆ పని మస్తాన్‌బీ తన మీద వేసుకుంది. తన చేతి సూది కదా, బాధ పడేది. పొద్దుగూకే వేళకు వచ్చి, నీళ్ల వేడి తను చూసి, నా చెయ్యి ఒళ్లో పెట్టుకునేది. రంజాన్ నెలలో ఉపవాసం విడిచి మరీ వచ్చేది. అంతా అయ్యాక వేలి కొసన బొటనవేలి గోటితో గట్టిగా గిల్లేది.

"తెలిసిందా అక్కా?"

"లేదే."

"తెలిసేదాకా వదల్ను."

"అయితే జన్మంతా పట్టుకుని కూర్చో."

ఆ వేలు అడ్డమే, తీసేస్తే చెయ్యి బాగా పనిచేస్తుందని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు. మస్తాన్‌బీ ఒప్పుకోలేదు. కొన్నేళ్లు అలాగే గడిచాయి. తర్వాత కామెర్లొచ్చి ఆమె పోయింది. సొంత చెల్లెలు పోయినా నేను అంత ఏడ్చేదాన్ని కాదు.

ఆమె పోయాక వేలిని పట్టించుకోవడం మానేశాను. ఒక పొద్దున అట్లు పోస్తుంటే మాడు వాసన వచ్చింది. అట్టు మాడిందనుకున్నాను. చూస్తే పెనానికి ఆనుకుని నా వేలు. పుండు పడింది. ఇక తీయించేద్దామని మా ఆయన్ను వెంటబెట్టుకుని గుంటూరు వెళ్లాను.

పట్టపగలు. డాక్టరుగారు నన్ను నా కుడిచేత్తో కళ్లు మూసుకోమని, వేలంతా సూదితో గుచ్చి చూశారు. ఏమీ తెలియలేదు. "చాలమ్మా" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. కుళాయి చప్పుడు వినిపిస్తోంది. నేనింకా కళ్లు తెరవలేదు.

వేలి కొసన ఎవరో గట్టిగా గిల్లారు. ప్రాణం జివ్వుమంది.

"తెలిసిందే మస్తాన్‌బీ," అన్నాను, పైకే.

కళ్లు తెరిచాను. దగ్గర ఎవరూ లేరు. మా ఆయన గుమ్మం దగ్గర చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వేలి మీద సూది చుక్కల పక్కన, నెలవంకలా గోటి గాటు. ఆయనా చూశాడు, డాక్టరుగారూ చూశారు. మళ్లీ గుచ్చితే మళ్లీ ఏమీ తెలియలేదు.

"దెబ్బతిన్న నరాలు ఒక్కోసారి అలా జివ్వుమంటాయమ్మా," అన్నారు.

"నరాలకు గోళ్లుంటాయా అండీ?" అన్నాను.

నేను వేలు తీయించుకోలేదు.

పుండు మానింది. ఇప్పుడు రోజూ నేనే కుడిచేత్తో నీళ్ల వేడి చూసుకుని, నేనే వంచుకుంటున్నాను. అది ఏమిటో ఈనాటికీ చెప్పలేను. దెయ్యం అంటే మాత్రం ఒప్పుకోను. అయినా సాయంత్రం పని అయ్యాక కాసేపు కళ్లు మూసుకుని, వేలు చాచి కూర్చుంటాను. ఏమీ తెలియదు.

ఆ రోజు అలవాటుగా "లేదే" అని ఉంటే, ఇంకా వచ్చేదేమో.