బాయి దగ్గరికి వెళ్లింది నేను కాదు

దయ్యాల కథలు చెబితే నవ్వే మనిషిని నేను. ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పాను, భయపడే పిల్లలకు ధైర్యం చెప్పాను. అయినా నాకు జరిగిన ఈ ఒక్కటి నేను ఎవరికీ వివరించలేకపోయాను.

అప్పుడు నాకు పదిహేడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లే అయింది. మేం బెల్లంపల్లిలో కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా నాన్న, బాపు, బొగ్గుబాయిలో గనిపని చేసేవాడు. ఖానాపూర్ దగ్గర వ్యవసాయం చేసుకునే ఒక ఇంటికి నన్ను ఇద్దామని మాట అనుకున్నారు. మా చర్చి పంతులమ్మ మాత్రం కరీంనగర్‌లో టీచరు ట్రైనింగ్ ఫారం తెచ్చిచ్చింది. దానిమీద బాపు వేలిముద్ర కావాలి.

అడగలేకపోయాను. చిన్నప్పుడు బాపు భుజమెక్కి తిరిగినదాన్నే, పద్నాలుగేళ్లు వచ్చాక ఆయన ఎదుట నోరు పెగిలేది కాదు. రెండు నెలలు ఒంటరిగా వంటింటి గోడకే చెప్పుకున్నాను. ఆ మాటలు మరో మనిషి వినలేదు.

ఫారం పంపడానికి రెండు రోజులే మిగిలాయి. ఆ రోజు అవ్వకు, అంటే మా అమ్మకు, చలిజ్వరం. పొద్దుటి నుంచి ఆమె తల నా ఒళ్లోనే ఉంది. పక్కింటి లచ్చక్క కూడా మాతోనే కూర్చుంది. నేను గడప దాటలేదు.

మధ్యాహ్నం షిఫ్టు దిగి బాపు వచ్చాడు. మంచం మీద కూర్చుని, "గా కాయితం తే బిడ్డా" అన్నాడు. తెచ్చి ముందు పెట్టాను. పొయ్యి మసిలో వేలు అద్ది ముద్ర వేశాడు.

"గంత మంది ముందట మొత్తుకుంటివి. ఇంట్ల చెప్పరాదా?"

అవ్వ తల ఎత్తింది. "ఎవలు మొత్తుకున్నరు? పొద్దటి సంది నన్ను ఇడిచి కదల్లే."

బాపు నవ్వాడు. మేం దాస్తున్నామనుకున్నాడు. లచ్చక్క ఒట్టు వేసినా నమ్మలేదు.

రెండు మైళ్ల అవతల, బాయి దగ్గర, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గది ముందు నేను నిలబడ్డానట. నల్ల ఓణి, చెప్పుల్లేని కాళ్లు, మోకాళ్ల దాకా దుమ్ము. "నాకిప్పుడు లగ్గం వద్దు బాపు. సదువుకుంట. కాయితం మీద ఏలుముద్ర ఎయ్యి. తప్పు జేస్తె అప్పుడు కొట్టు" అన్నానట.

అవి నేను గోడకు చెప్పుకున్న మాటలే. ఒక్క అక్షరం తేడా లేదు. ఒంటిమీద ఉన్నదీ నల్ల ఓణే. కాళ్లు చూసుకున్నాను, శుభ్రంగా ఉన్నాయి.

బాపు పొరబడ్డాడేమో అనుకున్నాను. ఆదివారం చర్చి బయట, దీపాలిచ్చే పెద్దాయన ఆపాడు. "నీ గొంతు గంత పెద్దగుంటదని నాకు తెల్వది బిడ్డా. మీ బాపు కండ్లల్ల నీళ్లు వచ్చినయ్" అన్నాడు.

నాకు భయం వేయాలి. వేయలేదు. గుండెల మీది బండ ఎవరో దింపినట్టు, అక్కడే మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

కరీంనగర్ వెళ్లాను, టీచర్నయ్యాను. ఇరవై మూడో ఏట, నాకు నచ్చినప్పుడు, పెళ్లి చేసుకున్నాను. "నా బిడ్డ బాయి కాడికొచ్చి నాతోని కొట్లాడింది" అని బాపు పోయేదాకా గొప్పగా చెప్పుకున్నాడు. మొదట్లో కాదన్నాను. తర్వాత మానేశాను.

ఆ ఎండలో అంత దూరం నడిచింది ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు తర్వాత మాత్రం, బాపుతో ఏ మాట చెప్పాలన్నా నేనే వెళ్లి చెప్పాను.