యుస్టినా క్షమాపణల శనివారం

కిర్గిజ్ దేశపు చూయ్ లోయలోని ఆ ఊళ్ళో నెలకు మొదటి ఆదివారం ప్రభుబల్ల, అంటే ప్రభువును తలుచుకుంటూ అందరూ రొట్టె పంచుకు తినే ఆరాధన. ముందురోజు శనివారం, ఎవరి మీద ఎవరికి ఏ మనస్పర్థ ఉన్నా వెళ్ళి తలుపు తట్టి, క్షమాపణ అడిగి, చేయి కలిపి రావాలి. ఎప్పుడో వలస వచ్చి అక్కడ స్థిరపడిన జర్మను కుటుంబాలు తాతలనాటి నుంచీ పాటిస్తున్న పద్ధతి అది. మంచి పద్ధతే. ఆ మంచి పద్ధతి యుస్టినా చేతిలో పడి ఏమైపోయిందో మాత్రం ఊరివాళ్ళనే అడగాలి.

శనివారం పొద్దున్నే ఆవు పాలు పితికి, మర్నాటి బల్ల కోసం రొట్టె పిండి కలిపి మూతపెట్టి, తలకు నల్ల రుమాలు కట్టుకుని ఆమె బయలుదేరేది. ఒకరింటి కోడి తన పెరట్లో గుడ్డు పెడితే తిరిగి ఇచ్చేసింది గానీ, ఇచ్చేటప్పుడు మనసు ఒక్క క్షణం వెనక్కి లాగింది, క్షమించండి. ఇంకొకావిడ కీర్తన శ్రుతి తప్పి పాడితే లోపల నవ్వొచ్చింది, పైకి నవ్వలేదు, అయినా క్షమించండి. తాను శ్రుతి తప్పి పాడానన్న సంగతి ఆవిడకు అప్పుడే తెలిసేది. అలా గోరంతను కొండంత చేసుకుని, మధ్యాహ్నం దాటేదాకా కాలుగాలిన పిల్లిలా ఇల్లిల్లూ తిరిగేది. ఆమెను చూసి లోపలి నుంచి గడియ పెట్టుకున్నవాళ్ళూ లేకపోలేదు. వాళ్ళను మాత్రం ఎవరు తప్పుపడతారు?

పొరుగింటి కిర్గిజ్ ఆవిడ గుల్బారాకు ఈ బల్లలతో సంబంధం లేదు. అయినా యుస్టినా ఆమెను వదల్లేదు. మొదటిసారి కంచె దగ్గర నిలబడి "నన్ను క్షమించు" అనగానే గుల్బారా చేతిలోని పాలబిందె కింద పెట్టేసింది.

"అక్కా, నువ్వూ జర్మనీ పోతున్నావా?"

ఊరు వదిలి జర్మనీ వెళ్ళినవాళ్ళంతా వెళ్ళేముందు అలాగే వచ్చి క్షమించమని అడిగి వెళ్ళారు మరి.

"లేదు గుల్బారా."

"అయితే ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

"పోయేదానివీ కాదు, చచ్చేదానివీ కాదు. ఇంక క్షమాపణ దేనికి? లోపలికి రా, టీ తాగు."

యుస్టినా టీ తాగలేదు. ఇంకా చాలా ఇళ్ళున్నాయి.

అన్నిటికన్నా చివర వెళ్ళేది చెల్లెలు అంగనేటా ఇంటికి. అసలు భారమంతా అక్కడే ఉంది. చిన్నప్పుడు ఎండుగడ్డి బండి మీద ఇద్దరూ కూర్చుని వస్తున్నారు. చెల్లెలి చేయి పట్టుకోమని అమ్మ చెప్పింది. యుస్టినా జడ అల్లుకోవడానికి చేయి వదిలింది. బండి కాలవ దాటేటప్పుడు కుదుపుకు అంగనేటా కింద పడింది. విరిగిన కాలు వంకరగా అతుక్కుంది. అప్పటి నుంచి ఆమె కుంటుతూనే నడుస్తుంది. యుస్టినాకు మనవలు పుట్టుకొచ్చినా ఆ కుదుపు ఒంట్లోంచి పోలేదు.

ఊళ్ళో ఆమెకు మించి రొట్టె చేసేవాళ్ళు లేరు కనుక బల్ల రొట్టె ఎప్పుడూ ఆమెదే. కాని ఆరాధనలో పళ్ళెం చేతికొస్తే ముట్టకుండా పక్కవాళ్ళకు అందించేది. అలా ఎన్నేళ్ళయిందో. దేవుడు అందరినీ క్షమిస్తాడని ఆమె గట్టిగా నమ్మేది, ఒక్క తన విషయంలో తప్ప.

ఆ ఏడాది ఆపిళ్ళు కోతకొచ్చిన నెలలో, శనివారం అంగనేటా జామ్ కాయడానికి పళ్ళు తరుగుతోంది. యుస్టినా ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడింది.

"చెల్లీ, నన్ను క్షమించవే."

"దేనికి?"

"నీకు తెలుసుగా. కాలు..."

అంగనేటా కత్తి పక్కన పెట్టింది. "క్షమించను."

యుస్టినా తలుపు చెక్క పట్టుకుంది.

"నువ్వు మొదటిసారి అడిగినప్పుడు నేనింకా పళ్ళూడే పిల్లను. క్షమించానన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. తరవాత నాచేత ఎన్నిసార్లు అనిపించావో నీకే తెలియాలి. ఈ కాలుతోనే పెళ్ళాడాను, నలుగుర్ని కన్నాను, బీటు దుంపల చేలో నీకంటే ముందు సాలు తవ్వి చూపించాను. నెలంతా నాకు ఈ కాలు గుర్తే ఉండదు. నెలకోసారి నువ్వొచ్చి గుర్తుచేసి పోతావు. నాకు అక్క కావాలే. నా ఇంటికి ముద్దాయి వస్తోంది. గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పించుకుని వెళ్ళిపోతోంది."

"అయితే... నువ్వు క్షమించనట్టేనా?"

"చూశావా! మళ్ళీ అదే." అంగనేటాకు కోపంలో కూడా నవ్వొచ్చింది. "అప్పుడన్న మాట ఇంకా చెల్లుతుంది. ఇంకోసారి అనను. ఇక వెళ్ళు."

యుస్టినా పరుగున సంఘపెద్ద ఐజాక్ పెరట్లోకి వెళ్ళి పడింది. ఆయన తేనె పెట్టెల దగ్గర ఉన్నాడు.

"ఐజాక్ అన్నా, అంగనేటా క్షమించనంది."

"మంచిపని చేసింది."

"అన్నా!"

"కూర్చో తల్లీ. ఈగలు ఏమీ అనవు." ఆయన ముఖం మీది వల తీసేశాడు. "రేపు రొట్టె తింటావా?"

"క్షమాపణ దొరికినట్టు మనసుకు తెలియాలి కదా. తెలియకుండా ఎలా ముట్టను?"

"నీ మనసు కింది కోర్టు. రోజూ శిక్ష వెయ్యడమే దానికి పని. పైకోర్టులో నీ కేసు ఎప్పుడో కొట్టేశారు. ఊరికే కొట్టెయ్యలేదు, ప్రభువు తన ప్రాణం పెట్టాడు. నువ్వేమో ఆ తీర్పు చాలదు, నాకు శిక్ష వెయ్యండి మహాప్రభో అని కాగితాలు పట్టుకుని తిరుగుతున్నావు. ఆయన పెట్టిన ప్రాణం నీ ఒక్కదానికే తక్కువపడిందంటావా?"

యుస్టినా ఉలిక్కిపడింది. అణకువ అనుకుంటూ తాను ఇన్నేళ్ళూ ఆ మాటే అంటున్నానని ఆమెకెప్పుడూ తోచలేదు. "నేనలా అనలేదన్నా. భయమేస్తోంది, అంతే."

"భయంతోనే రా. భయం పోతేనే రమ్మని ఆయన చెప్పలేదుగా." అక్కడే ఇద్దరూ మోకరించారు. ఐజాక్ ఎప్పుడూ పొడవుగా ప్రార్థించే మనిషి. ఆరోజు మాత్రం "ప్రభువా, నువ్వు ఇచ్చేశావు, ఈమెను తీసుకోనివ్వు" అని ఊరుకున్నాడు.

ఆదివారం ఆడవాళ్ళ వరసలో అంగనేటా కావాలనే వచ్చి అక్క పక్కన కూర్చుంది. పళ్ళెం ముందు ఆమె చేతికొచ్చింది. తన ముక్క తీసుకుని, పళ్ళెం అక్క ముందు పట్టుకుంది. యుస్టినా దాన్ని అందుకుని అవతలికి ఇవ్వబోయింది. అంగనేటా వదల్లేదు.

"ఇయ్యి" అంది యుస్టినా గొంతు తగ్గించి.

"నువ్వు తీసుకునేదాకా ఇది ఇక్కడే ఉంటుంది. కాలు ఎలాగూ కుంటిదే, ఇప్పుడు చెయ్యి కూడా పడిపోవాలా?"

వెనక బెంచీల మీద దగ్గులు మొదలయ్యాయి. ముందు నిలబడ్డ ఐజాక్ తొందరపెట్టకుండా నేల చూపులు చూస్తున్నాడు. యుస్టినా లోపల ఆ పాత గొంతు దానిపాటికది తీర్పు చదువుతూనే ఉంది. నువ్వు చదువుకో, నీ మాట పైన చెల్లదు, అనుకుంది ఆమె. చెయ్యి చాపి ముక్క తీసుకుంది. ఆకాశమేమీ తెరుచుకోలేదు. గొంతులో పొడిగా అడ్డుపడిన రొట్టెను కన్నీళ్ళతో మింగింది. ఇన్నేళ్ళ తరవాత ఆమె అందరిలో ఒకతె అయింది.

భయం ఒక్కరోజులో పోతుందనుకోవడం పిచ్చి. తరవాతి నెల శనివారం పొద్దున్నే యుస్టినా కాళ్ళు మళ్ళీ లాగాయి. రుమాలు కట్టుకుని గేటు దాకా వెళ్ళి ఆగింది, మనసులో ప్రార్థన చేసుకుంది, లోపలికొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి ఏ తలుపూ తట్టకుండా తిన్నగా చెల్లెలి ఇంటికి నడిచింది.

కిటికీలోంచి ఆమె రాక చూసి అంగనేటా ముఖం గంటు పెట్టుకుంది. "మళ్ళీ వచ్చావా? అననని చెప్పానా లేదా?"

"నువ్వేమీ అనక్కర్లేదు. ఊరికే వచ్చాను."

"ఊరికే అంటే?"

"ఊరికే. నిన్ను చూద్దామని."

అంగనేటా కుంటుకుంటూ పొయ్యి వైపు తిరిగి టీకి నీళ్ళు పెట్టింది, చాలాసేపు ఇటు తిరగలేదు. చిన్నప్పుడు ఆ బండి మీద పోగొట్టుకున్న అక్క ఇన్నాళ్ళకు ఇంటికొచ్చిందని ఆమె ఏడుస్తోంది.

"ఎంతసేపుంటావు?" అంది, అటు తిరిగే.

"నువ్వు వెళ్ళమనేదాకా" అంది యుస్టినా, రుమాలు విప్పి ఒళ్ళో పెట్టుకుంటూ.