జబ్బార్ చాచా ఎర్ర పెన్ను

జబ్బార్ చాచాకు ఉన్నది ఒక్కటే జబ్బు. చెవిల పడ్డది పడ్డట్టే కాగితం మీద పెడతడు. మాటొస్తే మాట, దగ్గొస్తే దగ్గు. ఎవరూ మాట్లాడకపోతే 'నిశ్శబ్దం, ఆరు సెకన్లు' అని రాస్తడు. వినపడని చోట మాత్రం ఎర్ర పెన్ను తీసి 'అస్పష్టం' అని రాసి, కింద గీత కొడతడు.

ఈ జబ్బు మా ఇచ్చోడల తగిలింది కాదు, లంకల తగిలింది. చిన్నప్పుడు చాచా వాళ్ల మామూ దగ్గర అంబూర్ల, తోళ్ల మండీల పెరిగి తమిళం నేర్చిండు. తర్వాత మిలట్రీల చేరి వైర్‌లెస్ పనిల పడ్డడు. ఎనభై ఏడుల మన పల్టన్లు లంకకు పోయినప్పుడు తమిళం వచ్చినోళ్లు కావాలంటే చెయ్యెత్తిండు. ఒక గుడారంల కూసోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తొడిగి, అవతలోళ్లు వైర్‌లెస్‌ల మాట్లాడుకునేదంతా విని హిందీల రాసియ్యమన్నరు.

"మొదటి రోజే సాబ్ పిలిచిండు," అని చాచా ఎన్నోసార్లు చెప్పిండు. "'ఏంది జబ్బార్, మా అవ్వ మోకాలి నొప్పి తగ్గలే అని రాసినవు. తుపాకుల ముచ్చటేది?' అన్నడు. 'సాబ్, తుపాకులు రేపొస్తయేమో. ఇయ్యాల మోకాలే వచ్చింది' అన్న."

రెండేండ్లు చాచా చెవులు అక్కడే ఉన్నయి. అవతలి మనిషి ఎవరో, ఎట్లుంటడో తెలియదు గాని, వాళ్ల అవ్వ మోకాలు మాత్రం మూడు నోటుబుక్కులు నడిచింది.

ఇప్పుడు చాచా పింఛన్ తీసుకుంటూ రోడ్డు పక్క తన ఇంటి ముందు గద్దె మీద కూసుంటడు. కండ్లు మూసుకొని, "పన్నెండు చక్రాల లారీ. నాగపూర్ దిక్కు. ఒక టైర్ల గాలి తక్కువ," అంటడు. ఒకసారి నేను లేచి చూసి చక్రాలు లెక్కపెట్టిన. పన్నెండే ఉన్నయి. గాలి సంగతి నాకు తెలియదు.

మక్సూదా చాచీ వంటింట్ల నుంచి ఒక్క కేక వేస్తే చాలు, చాచా నోటుబుక్కు తెరుస్తడు. 'ఉదయం 8.10. మక్సూదా. విషయం కొత్తిమీర. స్వరంల కోపం.'

"నలభై ఏండ్ల సంది గీ మనిషితోని నేను ముచ్చట పెడుతలే బిడ్డా," అంటది చాచీ నాతో. "వాంగ్మూలం ఇస్తున్న."

మా గల్లీల సగం ఇండ్ల మొగోళ్లు దుబాయ్‌ల, మస్కట్‌ల ఉంటరు. పని చేసే జాగ నుంచే ఫోన్ల మాట రికార్డు చేసి పంపుతరు. మిషన్ల చప్పుడుల ఒక్క ముక్క సమజ్ కాదు. అందుకని ఆడోళ్లంతా సగం గూడ వినకుండనే ఫోన్లు పట్టుకొని చాచా గద్దెకు వస్తరు. చాచా హెడ్‌ఫోన్లు తొడుగుతడు. గల్లీ అంతా ఊపిరి బిగబడతది.

ఒకసారి దీపిక వదిన మొగుడు సంపత్ మాట వచ్చింది. చాచా రాసింది చదివిండు. "సంపత్: దీపికా, నువ్వు లేక అన్నం దిగుతలేదు. నములుతున్న చప్పుడు, ఐదు సెకన్లు. కోడి బొక్క కొరికిన ధ్వని, స్పష్టం. బిర్యానీ కావచ్చు."

దీపిక వదిన వారం రోజులు సంపత్‌తో మాట్లాడలే.

"జర గా బొక్క వదిలేస్తే ఏం పోయేది చాచా?" అని అడిగింది.

"వినపడ్డది బేటా. వినపడ్డది రాయకుంటే నేనెందుకు?"

ఇక నా సంగతి. పదో తరగతి లెక్కల్ల తప్పిన. అదే ఏడు అవ్వకు ఆపరేషన్ అయితే బడి మానేసి, చీరలకు ఫాల్ కుట్టుడు మొదలుపెట్టిన. నాలుగేండ్లకు ఓపెన్ టెన్త్ ఫారం తెచ్చుకున్న. శనివారం ఆఖరు తారీఖు. "మీ బాపు ఊఁ అంటే సంతకం పెడత," అన్నది అవ్వ. మస్కట్‌ల ఉన్న బాపుకు మాట రికార్డు చేసుడు నాతోని కాలే. పదకొండుసార్లు చెరిపి, పన్నెండోసారి రెండు మాటలు పంపిన.

గురువారం బాపు జవాబు వచ్చింది. మేం పెట్టుకుంటే మొదట్ల డ్రిల్లింగ్ మిషన్ ఒక్కటే మాట్లాడింది, అవ్వ అక్కడనే ఆపేసింది. అవ్వ, నేను గద్దె కాడికి పోయినం.

చాచా కండ్లు మూసుకొని విన్నడు. ఒక చోట ఆపి, వెనుకకు పోయి, మూడుసార్లు విన్నడు. నా దిక్కు చూసి ఎర్ర పెన్ను అందుకున్నడు. తర్వాత చదివిండు.

"మాట్లాడింది ఒక్కరు, కరుణాకర్. వెనుక డ్రిల్లింగ్ మిషన్. ఒక మలయాళీ తిట్టు, అర్థం చెప్పే అవసరం లేదు. 'లింగవ్వా, బిడ్డ అడిగింది విన్న.' నిట్టూర్పు. ఏడు సెకన్లు అస్పష్టం. 'సరే, రాయనీ.' దగ్గు, రెండు."

"ఏడు సెకన్లు ఏమన్నడు జబ్బార్ భాయ్?" అన్నది అవ్వ.

"మిషన్ మింగింది చెల్లె."

అవ్వ అక్కడే గద్దె మీద సంతకం పెట్టింది.

ఎండాకాలం పరీక్షలు రాసిన. అవి కాంగనే చాచాకు కంటి ఆపరేషన్ అయింది. "నేను వింట, నువ్వు రాయి," అన్నడు. ఒకరోజు చాచా నమాజుకు పోతే, నేను హెడ్‌ఫోన్లు తొడుక్కొని బాపు పాత మాట పెట్టుకున్న.

ఆ ఏడు సెకన్లల మిషన్ ఆగి ఉన్నది. బాపు గొంతు పక్కన కూసున్నట్టే వినపడ్డది. "ఇరవై ఏండ్లకు గిదేం సదువు. మొద్దుది. అప్పుడే పాస్ కాలే, ఇప్పుడైతదా?"

ఆనాడు వింటే ఫారం పొయ్యిల పెట్టేదాన్ని. ఫోన్ల ఉన్న బాపు మాటలన్నీ తీసి, చాచా రాసిన కాగితాలు ముందర పెట్టుకొని విన్న. పదకొండు ఎర్ర గీతలు. అవ్వ వంటను, అవ్వ రోగాన్ని, నన్ను బాపు అన్న మాటలన్నీ వాటి కిందనే ఉన్నయి. దగ్గులు మాత్రం ఒక్కటి పోలే.

చాచా వచ్చినంక మెల్లగ అన్న. "మిషన్ ఆగి ఉంది చాచా, అక్కడ."

"ఆగిందా?" అన్నడు. "అయితే నా చెవి ఆగిందేమో."

"లంకల గూడ ఆగిందా?"

చాచా ఎర్ర పెన్నుకు మూత పెట్టిండు. "ఒక్కసారి. గా మోకాలి మనిషి, వాళ్ల అవ్వ ఏ ఊర్ల ఉన్నదో చెప్పిండు."

"రాసినవా?"

"ఊరి పేరు అస్పష్టం," అని, "మక్సూదా, చాయ్," అని కేకేసిండు.

వంటింట్ల నుంచి చాచీ ఏదో అన్నది. ఇద్దరికీ వినపడ్డది. ఇద్దరం రాయలే.

లెక్కల్ల ముప్పై ఎనిమిది వచ్చినయి. బాపు పంపిన మాట నేనే రాసిన. 'నవ్వు. ముక్కు చీదిన చప్పుడు. మళ్ల నవ్వు.' ఎర్ర పెన్ను అవసరమే పడలే.

నిన్న దీపిక వదిన ఫోన్ పట్టుకొని వచ్చింది. చాచా హెడ్‌ఫోన్లు నాకిచ్చి, తను లారీలు వినుకుంట కూసున్నడు. సంపత్ బిర్యానీ తింటనే ఉన్నడు. బొక్క కొరికిండు, రాసిన. తర్వాత, దీపిక చేసే కూర కుక్క గూడ ముట్టదని తన అవ్వ ఫోన్ల చెప్పిందన్నడు. ఒక్కొక్క అక్షరం గంట కొట్టినట్టు వినపడ్డది.

చాచా కండ్లు తెరవకుండనే ఎర్ర పెన్ను నా దిక్కు జరిపిండు.

"ఏమన్నడు వందనా?" అని వంగి చూసింది దీపిక వదిన.

"బొక్క స్పష్టం వదినా," అన్న. "తర్వాత నాలుగు సెకన్లు అస్పష్టం."