పన్నెండు నెలల ఏసీ

మా పెళ్లికి మామయ్య ఇచ్చిన బహుమతి ఏసీ. తొంభైల చివర్లో సంగతి. గోపాలపట్నంలో మా వీధి మొత్తానికి కూలరున్న ఇల్లే గొప్ప. ఈ మాట చెబితే ఇప్పటికీ అందరూ అబ్బో, ఎంత మంచి అత్తవారు, ఎంత అదృష్టం అంటారు. మంచివాళ్లే, కాదని ఎవరన్నారు? ఆ మంచితనంతోనే నన్ను ఏడాదిపాటు సిగ్గుతో చంపారు.

మా అత్తవారిది రెండిళ్ల మధ్య ఇరుక్కున్న ఇల్లు. అటు గోడా ఇటు గోడా పక్కవాళ్లతో ఉమ్మడి. ముందు హాలు, మధ్యలో వంటిల్లు, వెనక ఒక్క గది. కిటికీకి పెట్టే ఏసీ కదా, దాని వీపు ఆరుబయటికి ఉండాలి. హాల్లో వీధివైపు పెడితే వచ్చేపోయేవాళ్ల మొహాన వేడిగాలి కొడుతుంది, బాగుండదన్నారు మామయ్య. వెనక గదికైతే సింహాచలం కొండవైపు ఖాళీ స్థలం ఉంది. ఆ గది కొత్త జంటకని అప్పటికే అనుకున్నారు కాబట్టి ఏసీ కూడా కొత్త జంటకే అయింది.

అది మామూలు ఏసీ కాదు. మామయ్య పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఢిల్లీ నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరొకాయన మళ్లీ వెళ్లిపోతూ అమ్మేస్తుంటే ఏరికోరి తెచ్చారు. నాబ్ ఒకవైపు తిప్పితే చల్లగాలి, ఇంకోవైపు తిప్పితే వేడిగాలి. బిగించడానికి వచ్చిన మెకానిక్, ఇది వేడిని పుట్టించదు, ఒకచోటి వేడిని ఇంకోచోటికి మోస్తుందని చెప్పాడు. ఎండాకాలం గదిలోది బయటికి, చలికాలం బయటి గాలిలోది గదిలోకి. చలిగాలిలో వేడెక్కడిదని మామయ్య పూటంతా వాదించి ఎట్టకేలకు నమ్మారు. నమ్మాక ఇక ఆయనకి పట్టపగ్గాల్లేవు. ఇంటికి ఎవరొచ్చినా చెప్పులు విప్పించి నేరుగా మా పడగ్గదిలోకి తీసుకొచ్చి, నాబ్ అటూ ఇటూ తిప్పి చూపించేవారు. కొక్కేనికి వేలాడే నా లంగాలూ జాకెట్లూ చూడని మనిషి ఆ పేటలో లేడు. నేను మంచం కింద చీపురు వెతుకుతున్నట్టు నటించేదాన్ని.

పెళ్లి మాఘమాసంలో అయింది. ఒక నెల, అంతే, ఆ గది మాది. ఎండలు ముదరగానే ఒక సాయంత్రం అత్తయ్య చాప చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

“ఈ ఒక్క రాత్రికీ ఇక్కడ తొంగుంటానమ్మీ. హాల్లో ఊపిరాడ్డం లేదు” అన్నారు.

ఆవిడకి ఉబ్బసం. కాదని ఎలా అంటాను? మర్నాడు మామయ్య వచ్చారు, ఆవిడకి మాత్ర అందించే మనిషి ఉండాలని. ఆ తర్వాత డిగ్రీ చదివే మా మరిది, పరీక్షలని. వేసవి సెలవులకి ఆడపడుచు పిల్లల్ని వెంటబెట్టుకుని దిగింది. మంచం మీద అత్తయ్య, నేను, ఆడపడుచు. కింద వరసగా మామయ్య, మరిది, పిల్లలు. గుమ్మం దగ్గర చిట్టచివరి చాప మా ఆయనది. పెళ్లాం ఉన్న గదిలో ఆయన చుట్టపుచూపుగా వచ్చినట్టుండేది.

ఆయనకి స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు. బీ షిఫ్టు దిగి రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చేసరికి అందరూ నిద్రపోయేవారు. ఎవరి చెయ్యీ తొక్కకుండా మెల్లగా తలుపు తెరిచి తన చాప మీద వాలిపోయేవారు. మంచం మీంచి నాకు ఆయన పాదాలు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. నైట్ షిఫ్టు వారాల్లో పగలు ఇంట్లోనే ఉండేవారు కానీ, పట్టపగలు తలుపేసుకునే గుండె ఎవరికుంది? ఆ తలుపుకెదురుగానే అత్తయ్య కత్తిపీట వేసుకుని కూరగాయలు తరిగేవారు.

మామగారు పడుకున్న గదిలో కోడలు పడుకోవడమంటే ఏమిటో అనుభవిస్తే తెలుస్తుంది. పైటకి పిన్నీసు, కుచ్చిళ్లకి పిన్నీసు. పక్కకి ఒత్తిగిలాలన్నా భయమే. నిద్రలో నోరు తెరుస్తానేమో, గురక పెడతానేమో అని మగతగా పడుకుని, తెల్లవారకముందే లేచి పారిపోయేదాన్ని. పోనీ అమ్మతో చెప్పుకుందామంటే, ఆవిడ తన క్వార్టర్సులో ఇంటింటికీ తిరిగి మా అమ్మాయి గదిలో ఏసీ ఉందని చెప్పుకుంటోంది. పశ్చిమగోదావరి నుంచి నాన్న ఉద్యోగం కోసం వచ్చి, జీవితమంతా సీలింగు ఫ్యాను కింద గడిపిన మనిషి. ఆవిడ సంబరం చూస్తే నాకు నోరు రాలేదు.

ఒకసారి మా ఆయనే ధైర్యం చేసి, ఇంతమంది పడుకుంటే మిషను మీద లోడు పడుతుంది నాన్నా అన్నారు. మామయ్య చాలాసేపు ఆలోచించారు. చివరికి ఆయన, తలుపు కింద సందులోంచి చల్లదనం పోతోందని కనిపెట్టి, గోనెసంచి మడిచి అక్కడ కుక్కారు. ఇంకా బాగా చల్లబడింది. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు.

సెలవులయ్యాక ఆడపడుచు వెళ్లింది. మిగతావాళ్లు వానలొస్తే వెళతారనుకున్నాను. విశాఖపట్నం ఉక్క సంగతి తెలిసి తెలిసీ ఆ ఆశ పెట్టుకున్నాను, నా బుద్ధిని ఏమనాలి? ఆశ్వయుజం దాటాక గానీ గాలి చల్లబడలేదు. కార్తీకంలో ఒకరోజు మామయ్య మిషను ఆపించి చాపలన్నీ హాల్లోకి మార్పించారు. ఆ రోజు గది తుడుస్తూ నేను పాట పాడాను. వంటింట్లోంచి అత్తయ్య విని, కోడలి గొంతు బాగుందన్నారు కూడా.

ఆ పాట పట్టుమని వారం నిలవలేదు. కొండ మీంచి దిగే మంచుగాలికి అత్తయ్యకి ఆయాసం మొదలైంది. మామయ్యకి తన మిషనుకి ఇంకో పక్కా ఉందని గుర్తొచ్చింది. నాబ్ రెండోవైపు తిప్పి, అత్తయ్యని తెచ్చి మా మంచం మీద కూర్చోబెట్టారు. నులివెచ్చగా గాలి వచ్చింది. ఛాతీలో పిల్లికూతలు తగ్గి ఆవిడ హాయిగా పడుకున్నారు. అది చూసి సంతోషించాలి కదా? సంతోషించాను, ఒట్టు. ఆ వెనకే చాపలు ఒక్కొక్కటే లోపలికి వస్తుంటే మాత్రం నాకు ఒళ్లు మండింది. ఊళ్లో మిగతా ఏసీలు ఈపాటికి దుప్పటి కప్పుకుని నిద్రపోతుంటాయి, ఆ ఇళ్ల కోడళ్లకి వాళ్ల గదులు తిరిగొచ్చి ఉంటాయి. మాదేమో పన్నెండు నెలల మిషను. మొహం కూడా చూడని ఆ ఢిల్లీ ఆఫీసరుని నోరారా తిట్టుకున్నాను.

ఇంకోపక్క వీధిలో ఆడవాళ్లు అడగడం మొదలుపెట్టారు. ఏటమ్మీ, విశేషమేటైనా ఉందా అని. పెళ్లై ఏడాది కావస్తోంది మరి. నేను నవ్వి తప్పించుకునేదాన్ని. అత్తయ్య తప్పించుకోలేకపోయారు. మొక్కులు మొక్కారు, నాకు ఆకుపసర్లేవో తాగించారు, ఆఖరికి ఒక లేడీ డాక్టరు దగ్గరికి బయల్దేరదీశారు. చెప్పేద్దామా అని దారి పొడుగునా అనుకున్నాను. ఏమని చెప్పను? మీరు నా మంచం మీంచి దిగితే చాలు అని అత్తగారితో ఏ నోటితో అనాలి?

డాక్టరమ్మ చూసి, అంతా బాగానే ఉందన్నారు. మీ ఆయన వేరే ఊళ్లో పనిచేస్తారా, ఇద్దరూ కలిసే ఉంటున్నారా అని అడిగారు. నేను తల దించుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకుని అత్తయ్య అందుకున్నారు.

“వేరే ఊరేటమ్మా, ఒకే గదిలో తొంగుంటారు” అన్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. “మాకు ఏసీ ఉంది కదా. అందరం అందులోనే తొంగుంటాం.”

“అందరూ అంటే?” అన్నారు డాక్టరమ్మ.

అత్తయ్య వేళ్లు మడవడం మొదలుపెట్టారు. నాను, మాయన, సిన్నోడు అంటూ మడుస్తూ మడుస్తూ ఆగిపోయారు. చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టారు. ఆవిడ నవ్వినా నాకు అంత సిగ్గనిపించేది కాదేమో. నవ్వకుండా, చాలా మర్యాదగా, మందులేమీ అక్కర్లేదమ్మా అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అత్తయ్య మొహం చూద్దామంటే కళ్లు పైకి లేవలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటో ఎక్కాం. ఆవిడ బయటికి చూస్తూ కూర్చున్నారు. ఉన్నట్టుండి, నావైపు తిరక్కుండానే అన్నారు.

“మాకు కొత్తలో పోర్టు కాడ ఒక్కటే గదమ్మీ. మాయత్త నా పక్కనే తొంగునేది. ఎప్పుడు సస్తాదా అనుకునేదాన్ని.” మళ్లీ తనే, “నువ్వూ అనుకునే ఉంటావు” అన్నారు.

లేదత్తయ్యా అనాలి. ఎంతసేపు, ఒక్క మాట. నేను పైటకున్న పిన్నీసు సర్దుకున్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, మర్సిపోనాను, సూడు, అంతా మర్సిపోనాను అని తనలో తనే అనుకున్నారు. ఆటో దిగాక నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి నడిపించారు, నాకే జబ్బు చేసినట్టు.

ఆ సాయంత్రమే అత్తయ్య మామయ్యతో, ఆ గదిలో నాకు పడ్డం లేదు, మిషను హాల్లోకి మార్పించండి అన్నారు. మామయ్య నొచ్చుకున్నారు. కోడలికిచ్చిన వస్తువు తీసుకుంటే ఏం బాగుంటుందన్నారు. వీధిలో వాళ్ల మొహాన గాలి కొడుతుందన్నారు. కొడితే కొట్టనీండి అన్నారు అత్తయ్య. ఆవిడ ఆయన మాటకి ఎదురు చెప్పగా నేను చూడ్డం అదే మొదలు. మెకానిక్ మళ్లీ వచ్చాడు. హాలు కిటికీలో మిషను ఎక్కింది, మా గదిలో అది ఉన్న కంతకి చెక్క కొట్టారు. చాపలన్నీ హాల్లోకి వెళ్లిపోయాయి. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

చలికాలంలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. అసలు సిగ్గు ఎండాకాలంలో వచ్చింది. హాల్లో ఏమో చల్లగా, కమ్మగా ఉంటుంది. మా గదిలో గాలి చొరబడదు, ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కారతాయి. అంతమంది చూస్తుండగా, ఆ చల్లటి హాలు దాటుకుని, ఆ నిప్పుల కొలిమిలోకి మేమిద్దరం వెళ్లి తలుపేసుకోవాలి. ఎందుకు వెళుతున్నామో చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. ఒక్క మామయ్యకి తప్ప. ఆయన నిజంగానే బాధపడి, గట్టిగా కేకేసేవారు.

“అమ్మీ, అందులో ఎలా ఉంటారే? ఇక్కడ సల్లగా ఉంది, ఇద్దరూ వచ్చీండి!”

“ఆలకి ఉక్క తెలీదులెండి” అనేవారు అత్తయ్య. “మీరు తొంగోండి.”

ఆ వెంటనే మా మరిది దగ్గు వినిపించేది. అది దగ్గు కాదని నాకు తెలుసు. తలగడలో మొహం దాచుకుని అలాగే ఊపిరాడక చచ్చిపోతే బాగుండుననుకునేదాన్ని. మా ఆయన గోడవైపు తిరిగి నవ్వేవారు, మగవాళ్లకేం? పొద్దున్న తడిసిన జాకెట్టుతో తలుపు తీసుకుని బయటికొస్తే, మామయ్య ఎదురుగా కూర్చుని, రాత్రి నిద్ర పట్టిందా అమ్మీ అని జాలిగా అడిగేవారు. అయినా మేం ఒక్క రాత్రి కూడా ఆ హాల్లో పడుకోలేదు.

ఆ వేసవిలోనే నెల తప్పాను. పురుడు పోసుకుని, చంటిదాన్ని తీసుకుని పుట్టింటి నుంచి వచ్చేసరికి మళ్లీ ఎండలు మొదలయ్యాయి. పిల్ల మెడ చుట్టూ చెమటకాయలు లేచాయి. మామయ్య మనవరాలిని చూసి ఆగలేకపోయారు. అందరం అన్నాల దగ్గర కూర్చున్నాం.

“గుంటకి ఉక్క పోస్తంది” అన్నారాయన. “మిషను మళ్లీ ఆ గదిలోకే ఎక్కించేద్దాం. మనందరం అందులోనే తొంగోవచ్చు.”

“వద్దు.”

నేనూ అత్తయ్యా ఒకేసారి అన్నాం. రెండు గొంతులూ కలిసి ఇంటి కప్పు ఎగిరిపోయినట్టయింది. మామయ్య ముద్ద చేతిలో పట్టుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. మా ఆయన కంచంలో మెతుకులు ఏరుతూ తలెత్తలేదు. అత్తయ్య నావైపు చూడకుండా విసనకర్ర తీసుకుని పిల్లకి విసరడం మొదలుపెట్టారు. నేనూ ఆవిడవైపు చూడకుండా పిల్ల చొక్కా గుండీలు విప్పాను.